సైబరాబాద్‌లో సువార్త: ఎవరికి, ఏ షరతు మీద?

ఆదివారం పొద్దున హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో దిగి కొండాపూర్ వైపో గచ్చిబౌలి వైపో వెళ్తే, సువార్త వినడానికి పెద్దగా వెతుక్కోనక్కర్లేదు. హోటళ్ల హాళ్లలో ఇంగ్లీషు ఆరాధనలు, ఫంక్షన్ హాళ్లలో తెలుగు కూడికలు, హాస్టళ్ల డాబాల మీద గిటార్లతో కుర్రాళ్ల ప్రార్థనలు, బస్తీల్లో రేకుల షెడ్ల కింద చిన్న సంఘాలు. కాస్త అవతల హఫీజ్‌పేటలో, 2005లో మొదలై దేశంలోని అతి పెద్ద సంఘాల్లో ఒకటిగా పేరుపడ్డ కల్వరి టెంపుల్ ఉంది. 1998 నవంబరులో వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి మాదాపూర్ రాళ్లగుట్టల మధ్య ఒక ఊరు. పాతికేళ్లలో అద్దాల మేడలు వచ్చాయి, వాటి వెంట ప్రసంగ వేదికలూ వచ్చాయి. కాబట్టి ఇక్కడ సువార్త చెప్పేవాళ్లు కరువయ్యారన్నది మా బాధ కాదు. చెబుతున్నది ఏమిటి, ఎవరికి, ఏ షరతు మీద అన్నదే మా ప్రశ్న.

ఇది క్రైస్తవుల ఇంటి విషయం కదా, దళిత హక్కుల వేదికకు ఎందుకు అని అడిగే మిత్రులున్నారు. మాలోనూ చర్చికి వెళ్లేవాళ్లున్నారు, మానేసినవాళ్లున్నారు, బుద్ధుడి దగ్గర ఆగినవాళ్లున్నారు. కానీ తెలుగు నేల మీద క్రైస్తవ్యం అంటే ప్రధానంగా మాల, మాదిగ పల్లెల చరిత్ర. ఆ చరిత్రను పక్కనబెట్టి సువార్త గురించి మాట్లాడితే అది గాలిలో మాటే అవుతుంది.

ముందుగా ఒక మాట. మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కు రాజ్యాంగం 25వ అధికరణ ఇచ్చింది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు ప్రచారం వేరు, మతం మార్చడం వేరు అంది. ఒడిశా 1967లో, మధ్యప్రదేశ్ 1968లో మొదలుపెట్టిన మత మార్పిడి నిరోధక చట్టాలు ఆ తర్వాత మరెన్నో రాష్ట్రాలకు పాకాయి. కరపత్రం పంచినందుకు పాస్టర్‌ను కొట్టేవాడు బలవంతపు మార్పిడిని ఆపుతున్నానంటాడు. అతని అసలు కోపం మాత్రం కింద ఉండాల్సినవాడు తన దేవుణ్ణి తానే ఎంచుకున్నాడనే. ఆ హక్కు విషయంలో మాకు రెండో మాట లేదు. అయితే హక్కు ఉందనడం, ఆ హక్కును నమ్మకంగా వాడుతున్నామనడం ఒకటి కాదు. ఈ రెండో సంగతి మాట్లాడాలంటే ఒంగోలు దాకా వెళ్లాలి.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. ఆయన దగ్గరకు తొలినాళ్లలో వచ్చినవారిలో తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య ముఖ్యుడు. మాదిగ, తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవాడు, అంతకుముందే యోగ మార్గంలో ఒక గురువు దగ్గర సాధన చేసినవాడు. మిషనరీ ‘చీకట్లో ఉన్నవారికి వెలుగు తెచ్చాడు’ అనే కథ పేరయ్య ముందు నిలవదు. ఆయన అప్పటికే వెతుకుతున్న మనిషి. సువార్తను పల్లె నుంచి పల్లెకు మోసింది కూడా దొర గుర్రం కాదు, పేరయ్య లాంటివాళ్ల కాళ్లు, వాళ్ల బంధుత్వాలు, తోళ్ల బేరాల దారులు. మాదిగలకు మాదిగలే సువార్తికులయ్యారు. క్లౌ భార్య ఎమ్మా రాషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’ పుస్తకం నిండా వీళ్ల కథలే.

అదే కాలంలో ఒంగోలులో పై కులాలవారు కొందరు క్లౌ దగ్గరకు ఆసక్తితో వచ్చారు. మాదిగలను చేర్చుకోవద్దన్నది వాళ్ల షరతు. ఎటు మొగ్గాలో తేలక ఆయన బైబిలు తెరిస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం కంటబడిందట. లోకం నీచులనుకునేవారినే దేవుడు ఏర్పరచుకున్నాడనే భాగం అది. వేరే గదిలో భార్య కూడా సరిగ్గా అదే భాగం తెరిచి ఉందని ఆయన ఆత్మకథలో రాసుకున్నాడు. అద్భుతమో కాకతాళీయమో పాఠకుల ఇష్టం. మేము చూసేది నిర్ణయాన్ని. పలుకుబడి ఉన్న పది కుటుంబాలను పోగొట్టుకుని పేరయ్యల వైపు నిలబడ్డాడు.

ఇంకో సంగతి ఇంతకంటే పెద్దది. 1876-78 మహా కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ శవాల దిబ్బ అయ్యింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు కూలి ఇప్పించాడు. పేరయ్య లాంటి బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. సాయంత్రాలు వాక్యం వినబడేది. వేలమంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. చేతిలో కూలి డబ్బులున్నంత కాలం ఇవ్వకూడదని దాదాపు 15 నెలలు ఆపాడు. కరువు పని ముగిసి, ఇక మా దగ్గర డబ్బు లేదు, వెళ్లిపొమ్మన్నా జనం వెళ్లలేదు. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ ఏడాది చివరికి లెక్క తొమ్మిది వేలు దాటింది. మిషన్ చరిత్రలు ఆ 2,222ను గొప్పగా చెప్పుకుంటాయి. మాకు ఆ 15 నెలలే గొప్పగా కనిపిస్తాయి. ‘బియ్యం క్రైస్తవులు’ అనే తిట్టుకు తెలుగు నేల ఇచ్చిన జవాబు అది: కూలి ఎవరికైనా ఇస్తాం, దానికీ బాప్తిస్మానికీ ముడి లేదు.

క్లౌను ఆకాశానికెత్తడం మా ఉద్దేశం కాదు. ఆదివారం పని మానాలి, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు అని ఆయన పెట్టిన నియమాల్లో దొరతనం ఉంది, మాదిగల సంస్కృతి పట్ల చిన్నచూపూ ఉంది. అయినా ఆ నియమాల వల్ల జరిగిన ఇంకో పని కూడా చూడాలి. ఆదివారం పనికి రాననడం, జాతరలో డప్పు కొట్టననడం రెండూ వెట్టికి ఎదురు చెప్పడమే. ఊరు ఊరుకోలేదు. బావులు మూశారు, పనులు ఆపారు. అంటే ఆనాటి సువార్త విన్నవాణ్ణి ఊరితో గొడవలోకి దించింది. దించినవాడు ఆ గొడవలో పక్కన నిలబడ్డాడా లేదా అన్నదే సువార్తికుడికి పరీక్ష.

అంబేడ్కర్ పట్టుకున్నదీ ఈ పాయింటునే. 1938 జనవరిలో షోలాపూర్‌లో క్రైస్తవుల సభలో మాట్లాడుతూ, తన మీద ప్రభావం చూపిన మహనీయులు బుద్ధుడు, క్రీస్తు అని చెప్పారు. ఆ వెంటనే, అంటరానివాడికి బాప్తిస్మం ఇవ్వడంతో తమ పని అయిపోయిందనుకుంటారని, వాడి రాజకీయ హక్కుల సంగతి పట్టించుకోరని మిషనరీలను నిలదీశారు. చదువుకున్న క్రైస్తవులు తమ జనం కోసం పోరాడలేదన్నది ఆయన ఇంకో ఫిర్యాదు. ఎనభై ఏళ్లు దాటినా ఆ రెండు మాటలకూ సైబరాబాద్ సంఘాలు జవాబు బాకీ ఉన్నాయి.

ఐటీ కారిడార్ నడిమధ్యలోనే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. 2016 జనవరిలో హాస్టల్ నుంచి వెలి వేయబడ్డ దళిత విద్యార్థులు అక్కడ బ్యానర్లతో గుడారం వేసి దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టారు. జనవరి 17న రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. అదే ఏడాది ఏప్రిల్ 14న అతని తల్లి రాధిక, తమ్ముడు రాజా ముంబైలో బౌద్ధం స్వీకరించారు. ఆత్మల సంపాదన లెక్కలు రాసుకునేవాళ్లు దీన్ని ఒక నష్టంగా చూస్తారేమో. మేమైతే ఒక ప్రశ్నగా వినమంటాం. బిడ్డను పోగొట్టుకున్న దళిత తల్లికి, కులాన్ని పేరుపెట్టి ఎదిరించే ధర్మం బుద్ధుడి దగ్గర కనబడింది. నాలుగు కిలోమీటర్ల దూరంలో మైకుల్లో వినబడే సువార్తలో అది ఎందుకు వినబడదు?

ఇక చట్టం సంగతి. బాప్తిస్మం ఇచ్చే ముందు సువార్తికుడు చెప్పాల్సిన, చాలామంది చెప్పని విషయం ఇది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివారు ఎస్సీ కాదు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే మిగిలారు. ఈ పేరా తీసేయాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో నివేదిక ఇచ్చింది. దాన్ని అమలు చేయకుండా, 2022 అక్టోబరులో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేసింది. మన తెలుగు రాష్ట్రాల్లో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి మారినవారు, వారి పిల్లలు బీసీ-సి కిందికి వస్తారు, వారికి ఒక శాతం రిజర్వేషన్. గిరిజనులకు ఈ చిక్కు లేదు, ఎస్టీ హోదాకు మతంతో సంబంధం లేదు.

పోయేది సీటు, ఉద్యోగం మాత్రమే కాదు. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టర్ పెట్టిన అట్రాసిటీ కేసును కొట్టేసింది. పదేళ్లుగా పాస్టర్‌గా ఉన్న వ్యక్తి ఎస్సీ కాడు, కాబట్టి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం అతనికి వర్తించదు అంది. చేతిలో కుల ధ్రువపత్రం ఉన్నా లాభం లేకపోయింది. తిట్టేవాడు మాత్రం పాస్టర్ అని తిట్టడు, కులం పేరు పెట్టే తిడతాడు. కారంచేడులో 1985లో, చుండూరులో 1991లో గొడ్డళ్లు పట్టుకొచ్చినవాళ్లు బాప్తిస్మం రిజిస్టర్ అడగలేదు. కులం మతంతో పాటు పోతుందని కోర్టు అంటుంది, ఊరు ఒప్పుకోదు. మధ్యలో దెబ్బ తినేది మనవాళ్లు.

దీని ఫలితమే రెండు పేర్ల బతుకు. ఇంట్లో ఏసయ్య పటం, కాగితం మీద ‘హిందూ’. ఒకవైపు హిందుత్వ సంస్థలు వీళ్లను దొంగలంటాయి. రిజర్వేషన్ ప్రయోజనం కోసమే మతం చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో అంది. ఇంకోవైపు మన వేదికల మీది ప్రసంగికులే, ‘సర్టిఫికెట్ కోసం ప్రభువును దాచుకుంటావా’ అని గద్దిస్తారు. ఇలా గద్దించే అర్హత ఆ ప్రసంగికుడికి లేదని మా అభిప్రాయం. 1950 ఉత్తర్వుకు వ్యతిరేకంగా ఏనాడూ ధర్నాకు రానివాడు, ఆగస్టు 10న దళిత క్రైస్తవులు పాటించే నిరసన దినం పేరైనా ఎరగనివాడు, పేదవాడి కాగితాన్ని పాపంగా చూపించడం క్రూరత్వం. నిజాయితీగల సువార్తికుడు బస్తీలో బైబిలు తెరిచినరోజే ఈ మూడో పేరా సంగతి కూడా విప్పి చెబుతాడు. నీ బిడ్డ హాస్టల్ సీటు ఏమవుతుంది, నీ మీద దాడి జరిగితే ఏ చట్టం దొరకదు, నువ్వు రిజర్వుడు వార్డులో పోటీ చేయగలవా లేదా అని చెబుతాడు. ఆలోచించుకోమని టైమిస్తాడు. తొందరపెట్టి నీళ్లలో ముంచడు. క్లౌ ఆగిన 15 నెలలకు నేటి రూపం ఇదే అని మేము అనుకుంటాం.

అద్దాల మేడల్లో వినబడే సువార్త సంగతికొద్దాం. అక్కడ రాజ్యమేలేది ‘సాక్ష్యం’. వీసా వచ్చింది, ప్రమోషన్ వచ్చింది, నార్సింగిలో మూడు బెడ్‌రూముల ఫ్లాట్ దొరికింది, ప్రభువుకు స్తోత్రం. ఎవరి సంతోషాన్నీ మేము తప్పుపట్టం. గుడిసెలోంచి వచ్చినవాడికి ఫ్లాట్ చిన్న విషయం కాదు. కానీ ఆ సాక్ష్యంలో ఉండేది ఇద్దరే, దేవుడూ నేనూ. సాంఘిక సంక్షేమ హాస్టల్ ఉండదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉండదు. మిరప చేలో కూలికెళ్లిన అమ్మ ఉండదు. ఆ హాస్టల్ కోసం, ఆ స్కాలర్‌షిప్ కోసం లాఠీదెబ్బలు తిన్న ముందుతరం ఉండదు. అలా సాక్ష్యం చెప్పడం నేర్చుకున్నవాడికి, తన వెనక వస్తున్న తమ్ముడికి అదే హాస్టల్‌లో అన్నం సరిగా పెట్టడం లేదంటే పట్టదు. పైగా లే-ఆఫ్ వచ్చినరోజున, ఉద్యోగం దీవెన అయితే తీసేయడం శాపమా అని కుంగిపోతాడు. అప్పుడు ఇంకో ఉపవాస ప్రార్థన, ఇంకో కానుక. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ లేదని, ఉద్యోగం పోవడంలో తన విశ్వాసం తప్పేమీ లేదని చెప్పే ప్రసంగం ఆ రోజు అతనికి కావాలి.

కులం ఐటీలో ఉండదనే మాట కూడా అక్కడ తరచూ వింటాం. 2020లో కాలిఫోర్నియా రాష్ట్రం సిస్కో మీద కుల వివక్ష దావా వేసింది, 2023లో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. సముద్రాలు దాటిన కులం సైబర్ టవర్స్ మెట్ల దగ్గర ఆగిపోయిందంటే ఎవరు నమ్ముతారు?

సంఘం లోపలా అంతే. మ్యాట్రిమోనీ ప్రకటనల్లో క్రిస్టియన్ కమ్మ, క్రిస్టియన్ రెడ్డి, క్రిస్టియన్ మాల, క్రిస్టియన్ మాదిగ అని విడివిడిగా కనిపిస్తాయి. కోస్తాలో బాప్టిస్టు అంటే మాదిగ, లూథరన్ అంటే మాల అని లెక్కగట్టే అలవాటు ఇంకా పోలేదు. వర్గీకరణ మీద 2024 ఆగస్టు 1 తీర్పు తర్వాత ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లు ఎడమొహం పెడమొహమైన సంఘాలూ ఉన్నాయి. మార్పు లేదనడం లేదు. హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంతోని 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు. తెలుగువారిలోనూ దళితుల్లోనూ ఆయనే మొదటి కార్డినల్. క్యాథలిక్ సభ అక్కడికి చేరడానికి ఎన్ని వందల ఏళ్లు పట్టిందో కూడా గుర్తుంచుకోవాలి.

గేటెడ్ కమ్యూనిటీల్లో పనివాళ్లకు వేరే లిఫ్టు పెట్టడం మామూలైపోయింది. ఆ లిఫ్టులో వెళ్లే అక్కల్లో చాలామంది పాలమూరు నుంచో ప్రకాశం నుంచో రాయలసీమ నుంచో వచ్చినవాళ్లు. వాళ్లలో సంఘానికి వెళ్లేవాళ్లు తక్కువేమీ కాదు. ఇంటి యజమానీ సంఘానికి వెళ్లేదే అయితే, ఆదివారం ఇద్దరూ ఒకే ప్రభు బల్లలో పాలుపొందినట్టు, సోమవారం వేరువేరు లిఫ్టులు ఎక్కినట్టు. ఆ ఇంటి యజమాని పనమ్మాయికి సువార్త పత్రం ఇవ్వడం సులువు. రెసిడెంట్స్ అసోసియేషన్ మీటింగులో లేచి ఈ వేరే లిఫ్టు నియమం తీసేయండి అనడం కష్టం. నెలకు నాలుగు సెలవులు ఇవ్వడం, టీ గ్లాసు వేరుగా పెట్టకపోవడం కష్టం. రెండోదే సువార్త. పత్రం ఆ తర్వాత ఇచ్చుకోవచ్చు, ఇవ్వకపోయినా ఫర్వాలేదు.

2016 ఆగస్టులో మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో మ్యాన్‌హోల్‌లో నలుగురు ఊపిరాడక చనిపోయారు. మనుషులను అందులోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. ఇలాంటి చావులకు పది లక్షల పరిహారం ఇవ్వాలని 2014లో, ముప్పై లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎన్ని ఆదేశాలొచ్చినా మనుషులను దించడం ఆగలేదు. ఇక్కడ బెజవాడ విల్సన్‌ను తలుచుకోకుండా ఉండలేం. కోలార్ బంగారు గనుల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబం, తల్లి రాచెల్, తండ్రి యాకోబు. గనుల టౌన్‌షిప్‌లో మలం ఎత్తిపోసే పని తండ్రిది. పేర్లలోనే బైబిలు ఉంది, కానీ బైబిలు పేర్లు వాళ్ల చేతుల్లోంచి బకెట్‌ను తీసేయలేదు. తీయించింది విల్సన్, ఎస్.ఆర్. శంకరన్ లాంటివారు కలిసి నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్. ఆయనకు 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. ఆయన్ను సువార్తికుడు అని మేము అనడం లేదు, ఆ మాట ఆయనకు నచ్చుతుందో లేదో. కానీ చెరలో ఉన్నవారికి విడుదల ప్రకటించడం అని లూకా నాలుగో అధ్యాయం చదివే ప్రసంగికులు, ఆ మాటకు అర్థం వెతకాల్సిన చోట్లలో ఆ మ్యాన్‌హోల్ ఒకటి. చచ్చిపోయిన నలుగురూ ఏ మతంవాళ్లని అడగకుండా కేసు పెట్టించడం, పరిహారం వచ్చేదాకా ఆ కుటుంబాల వెంట తిరగడం, కాంట్రాక్టరు పేరు బయటపెట్టడం, ఇవన్నీ చేశాక నోరు తెరిస్తే ఆ మాటకు విలువ ఉంటుంది.

హైదరాబాద్‌కు ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. పంజాబు సిక్కు కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైన భక్తసింగ్ 1950లో ఇక్కడ హెబ్రోను సంఘం మొదలుపెట్టాడు. ఆయన బోధలో సామాజిక న్యాయం పెద్దగా వినబడదు, మాకు ఆయనతో చాలా పేచీలున్నాయి. కానీ పరిశుద్ధ సమాజ కూడికల్లో ప్రేమవిందు అని చాపల మీద అందరినీ వరసగా కూర్చోబెట్టి ఒకే వంట వడ్డించే పద్ధతి పెట్టాడు. డబ్బు కోసం విజ్ఞప్తులూ చేయలేదు. బంతి భోజనంలో కులం విడిపోయే దేశంలో ఆ చాప ఒక ప్రసంగం. ఇవాళ హోటల్ హాల్లో ఆరాధన అయ్యాక బఫే పెట్టే సంఘాల్లో, హాలు తుడిచినవాళ్లు ఆ బఫేలో ప్లేటు పట్టుకుని నిలబడగలరా అని చూస్తే చాలు, మిగతా సంగతంతా తెలిసిపోతుంది.

ఆరాధన వేళలు కూడా చూడండి. ఆదివారం పొద్దున పది గంటలు సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకు అనుకూలమైన టైము. పన్నెండు గంటల షిఫ్టు చేసే సెక్యూరిటీ గార్డు అప్పుడు గేటు దగ్గరుంటాడు. ఇంటిపని చేసే అక్కకు ఆదివారం చుట్టాలొచ్చే రోజు, పని రెట్టింపు. డెలివరీ కుర్రాడికి ఆదివారమే ఆర్డర్లు ఎక్కువ. సిద్ధిఖ్ నగర్, అంజయ్య నగర్ గల్లీల్లో రాత్రి తొమ్మిదిన్నరకు కూడిక పెడితే వీళ్లు రాగలరు, ఆ గల్లీల్లో కొన్ని చిన్న సంఘాలు ఇప్పటికే అలా పెడుతున్నాయి. వచ్చినవాళ్లు అలసిపోయి ఉంటారు కాబట్టి ప్రసంగం అరగంట దాటకూడదు. చివర పది నిమిషాలు పీఎఫ్ నంబరు ఎలా చూసుకోవాలి, ఈఎస్‌ఐ కార్డు ఎవరినడగాలి, జీతం ఎగ్గొడితే ఎక్కడ ఫిర్యాదు ఇవ్వాలి అన్నది చెప్పాలి. అది వినడానికి పక్కింటి ముస్లిం డ్రైవరు, ఎదురింటి హిందూ గార్డు వచ్చి కూర్చుంటే వాళ్లకూ టీ ఇవ్వాలి, పేర్లు మాత్రం రాసుకోవద్దు.